విడువదగిన దేది?

ప్రాతదానిని క్రొత్తభాషలోనికి మార్చువారికి రెండు తొందరపాటులు కలవు. తెలియనిదానిని ఉన్నదున్నట్లు మోసికొనిపోవుట ఒకటి; వ్యర్థమని కొట్టివేయుట రెండవది. వజ్రకరూరున తీరిక వేళల ఒక ఫాంటు ప్రోగ్రామును పాస్కల్ నుండి సీ భాషలోనికి మార్చుచు, ఈ రెంటి నడుమ మార్గమును నేర్చుకొంటిని.

దాని పేరు టీఎఫ్‌టుపీఎల్. టెక్ ఫాంటులలోని అక్షరముల వెడల్పు, ఎత్తు మొదలగు కొలతలను మనము చదువదగిన పట్టికగా వ్రాసియిచ్చును. 1978 వేసవిలో లియో గీబస్ దీనిని మొదట రచించెను. వెబ్2సీ అను సాధనము ఇట్టి మార్పును చిరకాలముగా తానే చేయుచున్నది. అయినను గ్రంథకర్త భావము తెలియుటకు చేతితో చేయుటయే మేలు.

అందు ఒక వరుస సంఖ్యలు శూన్యమునకు వేయి మెట్లు దిగువనుండి మొదలగును. ఎందుకు? “ఈ అక్షరము ఫాంటునకు వెలుపలిదా, లేక దీని వెడల్పు శూన్యమా?” అని ప్రోగ్రాము అడుగును. మొదటిదానికి ఔనని తేలినను పాస్కల్ రెండవదానిని కూడ చూడవచ్చును. అపుడు లెక్క శూన్యము దిగువకు జారి పని నిలిచిపోకుండ ఆ జాగా విడిచిరి. సీ భాషలో మొదటిది ఔనన్న రెండవది అడుగబడదు. ప్రశ్నల క్రమము చెడనంతవరకు ఆ జాగా అక్కఱలేదు. కారణము తెలిసినపిదప నిర్భయముగా తీసివేసితిని.

అరసున్నయు నిట్టిదే. అది ఒకనాటి అనునాసికమునకు గుర్తు. ఆ ఉచ్చారణ పోగా నేటి అచ్చులో అరుదైనది. విద్యార్థులకు దానిని విడువుమనుటకు ముందు, ఎందుకు పుట్టెనో చెప్పవలెను. కారణ మెఱుగక పట్టుకొనుట మూఢత్వము. ఎఱుగక విడుచుటయు సంస్కరణము గాదు.