నాడీకణములును పాత యాటయును

విజ్ఞానశాస్త్రము దినదినము క్రొత్త వింతలను మన ముందు నిలుపుచున్నది. వానిలో కొన్ని చదివి మరచునట్టివి. కొన్ని చదివిన పిమ్మట మనలను విడువక ఆలోచింపజేయునట్టివి. 2022 వ సంవత్సరము అక్టోబరు మాసమున ఆస్ట్రేలియాదేశపు మెల్బోర్న్ నగరమునుండి వెలువడిన వార్త యీ రెండవ విధమైనది. కార్టికల్ ల్యాబ్స్ అను సంస్థకు చెందిన బ్రెట్ కేగన్ గారును వారి సహచరులును, పళ్ళెములో పెంచిన నాడీకణములకు ఒక పాత వీడియో ఆటను నేర్పితిమని 'న్యూరాన్' అను పత్రికలో ప్రకటించిరి. మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఈ సంగతి తెలియదగినదని తలంచి, నాకు దోచిన నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

మొదట నాడీకణమన నేమో తెలిసికొందము. మన మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని శాస్త్రజ్ఞులు లెక్కించియున్నారు. ఒక్కొక్క కణమునకు చెట్టు కొమ్మలవంటి శాఖలు గలవు. ఒక కణమందు బుట్టిన విద్యుత్స్పందనము దాని కొనవరకు ప్రాకి, అచ్చట రసాయనముగా మారి, ప్రక్కకణమునకు కబురందించును. ఈ పనికి నిరంతరము శక్తి కావలెను. ఆ శక్తిని మోయు పదార్థమునకు ఏ.టి.పి. యని పేరు. 1895 లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాదేశపు హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కె గారితో గూడి, 1929 లో దీనిని కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీదేశమందు కార్ల్ లోమన్ గారు వేరుగా కనుగొనిరి. మీరు ఈ పంక్తి చదువుచున్న యీ క్షణమున మీ మెదడులో వ్యయమగుచున్నది ఆ పదార్థమే.

ఇక మెల్బోర్న్ ప్రయోగమును గూర్చి చెప్పెదను. వారు ఎలుకపిల్లల పిండములనుండి కొన్ని కణములను దీసికొనిరి. మనుష్యుల కణములను మూలకణములుగా మార్చి, వానినుండి నాడీకణములనుగా పెంచినవి మరికొన్ని. ఇట్టివి సుమారు 8 లక్షల కణములను సన్నని ఎలక్ట్రోడులు పరచిన పలకపై నిలిపిరి. మన మెదడుతో పోల్చిన ఇది లక్షవ వంతైనను గాదు. బంతి యెచ్చట నున్నదో విద్యుత్తుచే ఆ కణములకు సూచింతురు. కణముల స్పందనమును బట్టి తెరమీది గీత పైకి గాని క్రిందికి గాని జరుగును. గీత బంతిని తాకినచో కణములకు క్రమమైన స్పందన నిత్తురు. తప్పినచో నాలుగు సెకండ్లపాటు క్రమములేని గందరగోళపు స్పందన నిత్తురు. బహుమానమును లేదు, బెత్తమును లేదు. అయినను అయిదు నిమిషముల యాటలోనే కణములు బంతిని మునుపటికన్న హెచ్చుసారులు తిరిగి కొట్టసాగెను. గందరగోళమును విడిచి క్రమమును వెదకుట కణముల స్వభావమని ఆ శాస్త్రజ్ఞుల యభిప్రాయము. తరగతిలో నిలుచు నావంటివానికి ఇందులో ఒక పాఠమున్నది. ఒకనాడు నవ్వి, మరునాడు అదే పనికి కసరు ఉపాధ్యాయునివద్ద బాలుడు భయమును నేర్చును గాని విద్యను నేర్వడు.

వారెన్నుకొనిన యాట పాంగ్ అనునది. అమెరికాదేశమందు అటారి సంస్థవారికై అలన్ ఆల్కార్న్ గారు దానిని నిర్మింపగా 1972 లో వెలువడెను. నల్లని తెరపై రెండు తెల్లని గీతలు, ఒక చుక్క, అంతియే. మా సదుమునకు ఆ యంత్రము రాలేదు గాని, దాని వంశములోని చిన్న బొమ్మ యొకటి నా బాల్యమున మా యింటికి వచ్చెను. అరచేతిలో నిముడు ఆ ప్లాస్టిక్ బొమ్మను మేము 'బ్రిక్ గేమ్' అని పిలుచువారము. రెండు చిన్న సెల్లులు వేసిన కూయుచు మేల్కొనును. ఆ దినములలో మా యూర సెల్లనగా టార్చిలైటులో వేయునదే. తరువాత ఫోనునకు ఆ పేరు వచ్చెను. దేహమందలి కణమునకును ఇంగ్లీషువారు వాడు మాట అదియే యని పాఠశాలలో దెలిసికొని నవ్వుకొంటిమి. పైనుండి రాలు ఇటుకలను త్రిప్పి వరుసగా పేర్చు ఆట యందు ముఖ్యము. ఇది 1984 లో మాస్కో నగరమున అలెక్సీ పజిత్నోవ్ గారు కల్పించిన టెట్రిస్ ఆటకు అనుకరణము. బొమ్మ యొక్కటి, ఆడువారము మా అన్నయు నేనును ఇద్దరము. ఒకడు ఓడువరకు రెండవవాడు కాచుకొని యుండవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా అన్నకు పక్షవాతము వచ్చెను. మెదడునకు రక్తము గొనిపోవు నాళములో గడ్డ చిక్కుకొని, ఎడమ భాగమున కొంత మేర కణములు నశించినవి. కుడిచేయి చలనము దప్పెను. టమోటా తోటలో తెల్లవారకమున్నే కాయలు కోసి, గంపలు నింపి మదనపల్లె మార్కెట్టునకు పంపు చేయి అది. చచ్చిన కణములు తిరిగి బ్రదుకవనియు, అయితే బ్రదికియున్న కణములు అభ్యాసముచే క్రొత్త దారులు వేసికొని కొంత పనిని చేపట్టగలవనియు వైద్యుడు చెప్పెను. చింతగింజల నేరుట, గుడ్డను మడచుట, గ్లాసు నెత్తుట దినమునకు వందలసారులు చేయవలసి యుండెను. అన్నకు విసుగు పుట్టెను. పసిబిడ్డ పనులు తనకేలయని గింజల పళ్ళెమును త్రోసివేసెను.

అంతట వదిన ట్రంకుపెట్టెలో నుండి ఆ బొమ్మను దీసికొని వచ్చెను. సెల్లులు మార్చగా అది కూసెను. అందు దిక్కులు మార్చు మీటలు ఎడమ బొటనవ్రేలికిని, ఇటుకను త్రిప్పు పెద్దమీట కుడి బొటనవ్రేలికిని అమరియున్నవి. ఆ కుడివ్రేలు కదలలేదు. ఇటుకలు అడ్డదిడ్డముగా నిండి ఆట ముగిసెను. అన్న నా ముఖము చూచి, "ఇంగోసారి పెట్రా" అనెను. వ్యాధి తగిలిన తరువాత ఆయన తానుగా ఒక పనిని మరల కోరుట అదియే మొదలు. ఆ బొమ్మ వైద్యమని నేను చెప్పను. చింతగింజలను మానలేదు, వైద్యుని మాటయు మీరలేదు. కాని నెలలు గడచినకొలది ఆ వ్రేలు మీటను నొక్కసాగెను. నేటికిని గంపకు త్రాడు ముడివేయలేడు. కాయను మాత్రము కోయగలడు.

పళ్ళెములోని కణములును, మా అన్న మెదడులోని కణములును ఒక్క న్యాయమునకే లోబడినవని నాకు దోచుచున్నది: తప్పుట, మరల యత్నించుట, కొంచెము సరిపడుట. అయినను భేద మొకటి యున్నది. పళ్ళెములోని కణములకు 'తెలివి' గలదనవచ్చునా యని శాస్త్రజ్ఞులలోనే వాదము చెలరేగెను. ఆ ప్రకటనలోని పెద్దమాటలను పలువురు ఆక్షేపించిరి. ఆ వాదమును తీర్చుట నా పని గాదు. నేను చూచిన దొక్కటి చెప్పుదును. కణములు బంతిని కొట్టెను గాని, తరువాతి వంతు ఎవరిదని అవి అడుగలేదు. మా అన్న అడిగెను. తానొకసారి ఓడగానే బొమ్మను నాకందించి, నేనోడువరకు పసితనమున వలెనే కాచుకొనెను. పాతయాటలపై పెద్దలకు గల మమత ఆ బొమ్మపై గాదు. వంతుకై ప్రక్కన కూర్చుండిన మనుష్యునిపై అని నాకు అప్పుడు తెలియవచ్చెను.

ప్రియ విద్యార్థులారా, ఫోనులో నాడుట పాపమని నేననను. అయితే మీరు వందసారులు చేయు ప్రతి పనియు మీ మెదడులో ఒక దారి వేయుచున్నదని జ్ఞాపకముంచుకొనుడు. ఎక్కమునకైనను, దుర్భాషకైనను, ప్రార్థనకైనను దారి పడు విధమొక్కటియే. ఒకసారి తప్పినందున పలకను పారవేయకుడు. తప్పిన పిమ్మట చేయు యత్నమందే కణములు నేర్చుచున్నవి. మీ యింట చేయి వణకు తాతగాని, మాట తడబడు అవ్వగాని యున్నచో, దినమునకు ఒక్క గడియ వారి ప్రక్కన కూర్చుండి పులిజూదమో అచ్చనగండ్లో ఆడుడు. వారి వంతు వచ్చినప్పుడు తొందరపెట్టకుడు. ఇన్ని కోట్ల కణములను మనలో అమర్చిన సృష్టికర్త, వానిని ఒకరికొకరము తోడగుటకు వినియోగించు బుద్ధిని మనకందరకు దయచేయును గాక.