పుట్టింటికి వచ్చే ముందు మూడు తేదీలు

డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడలు విశాఖ రేవులోకి వస్తుంటాయి, పోతుంటాయి. అమెరికాలో కాపురమున్న విశాఖ ఆడపిల్లల రాకపోకలు మాత్రం అంత తేలిక కాదు. ఉక్కునగరంలో అమ్మకు ఒంట్లో బాగాలేదని పరుగున వచ్చిన కూతురికి తిరుగు ప్రయాణమే బెంగ!

భర్త హెచ్-1బి గడువు పెరిగినంత మాత్రాన భార్య హెచ్-4 దానంతటదే పెరగదు. ఆమెకు విడిగా ఐ-539 దరఖాస్తు పెట్టాలి. అది మంజూరైనా దక్కేది అక్కడ ఉండటానికి అనుమతే. పాస్‌పోర్టులోని వీసా గడువు తీరిపోయి ఉంటే, ఇంటికొచ్చాక మళ్లీ స్టాంపింగ్ తప్పదు.

2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ వెలిసింది. అంతకుముందు మనవాళ్లు చెన్నై వెళ్లేవారు. ఇప్పుడు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. 2023 నుంచి కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. రైల్లో బెర్తు దొరికినా, ఇంటర్వ్యూ తేదీ దొరకాలిగా!

అందుకే విమానం టిక్కెట్టు కొనేముందే వీసా, ఐ-94, పాస్‌పోర్టు... ఈ మూడింటి తేదీలూ చూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఐ-94 కూడా ఆ తేదీకే ఆగిపోవచ్చు. అమ్మ దగ్గర ఉన్న నాలుగు రోజులూ నిశ్చింతగా గడవాలంటే ఈ జాగ్రత్త తప్పదు మరి!