దీపం చూడందే దిగరు

1986లో నా రెండో కాన్పు. గోదావరిఖని క్వార్టర్లో పాత చీరలు, వేణ్ణీళ్ళ కాగు, మంత్రసాని - అన్నీ సిద్ధం. మొదటిది ఆపరేషను కాన్పు, ఇప్పుడేమో బీపీ 150/100. అయినా "అయిదుగురిని ఇంట్లనే కన్న" అని అత్తమ్మ ధీమా. నాకూ ఆసుపత్రంటే బెదురే!

డ్యూటీ దిగొచ్చిన మామయ్య ఒక్కటే అన్నారు: "ఇరవై ఏండ్ల సంది బాయిల దిగుతున్న. ఎన్నడు గ్యాసు కనపడలే. అయినా దీపం పట్టి చూసినంకనే మమ్ముల దిగనిస్తరు. కోడలు పిల్లకు దీపం ఎవరు పడ్తరే?"

గ్యాసుంటే దీపం మంట మీద నీలి టోపీ కడుతుందట. కడుపులో పాత కుట్టు విడిపోతే ఏ టోపీ కనబడుతుంది? తల్లీబిడ్డల ప్రాణాలు నిమిషాల మీదికొస్తాయని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

మర్నాడే అత్తమ్మ సంచీ సర్దింది. ఆసుపత్రిలో పాప పుట్టింది.

కాగు వృథా కాలేదు లెండి - బాలింత స్నానాలకి పనికొచ్చింది!