చిల్లు ఎక్కడుంది?

ఇంట్లో పెద్దావిడకు రక్తం తక్కువైందని తెలిస్తే చాలు, అందరూ వైద్యులైపోతారు. బీట్‌రూట్ రసమని ఒకరు, ఖర్జూరమని ఒకరు, తోటకూర మానొద్దని ఇంకొకరు. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తారు. రెండు మూడు నెలలకు హిమోగ్లోబిన్ 8 నుంచి 11 దాటుతుంది. పెద్దావిడ మళ్లీ మెట్లెక్కుతుంది, గుడికెళ్లొస్తుంది. ఇంకేం, మాత్రలు ఆగిపోతాయి. ఏడాది తిరిగేసరికి అదే ఆయాసం, అదే పాలిపోయిన మొహం, అదే 8! 'డెబ్బై దాటాయి కదా, మామూలే' అనేస్తారు.

మామూలు కాదు. వయసు పెరిగినంత మాత్రాన ఒంట్లో ఇనుము ఆవిరైపోదు. మన శరీరం పరమ పొదుపరి. ఎర్రకణం 120 రోజులు బతికి చచ్చిపోయినా దానిలోని ఇనుమును పారేయకుండా మళ్లీ వాడుకుంటుంది. తిండి నుంచి రోజుకు తీసుకునేది 1, 2 మిల్లీగ్రాములే. పోయేదీ అంతే. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఖర్చు ఇంకా తక్కువ. మరి ఇనుము ఎటు పోతున్నట్టు?

సాధారణంగా రక్తంతోపాటే. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుముంటుంది. రోజూ రెండు చెంచాల రక్తం పేగుల్లోకి కారితే 5 మిల్లీగ్రాములు పోయినట్టే. అది కంటికి కనిపించదు, నొప్పీ ఉండదు. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే, ఎన్ని మాత్రలు మింగినా నిలవదు.

ఆ చిల్లు ఒక్కోసారి వంటింటి అలమరలోనే దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలు కడుపులో పుండు చేస్తాయి. గుండెకు వాడే ఆస్పిరిన్ కూడా రక్తం కార్పించవచ్చు. అలాగని దాన్ని సొంతంగా ఆపేయకూడదు. ఇంకోసారి పెద్దపేగు కుడివైపున గడ్డ పెరుగుతూ ఉంటుంది. క్యాన్సరైనా సరే, అది మొదట చెప్పే కబురు ఈ రక్తహీనతే కావచ్చు. అప్పుడే పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. ఏడాదికోసారి మాత్రలతో సరిపెట్టుకుంటే పోయేది ఆ అవకాశమే. కొందరిలో రక్తం పోకపోయినా, కడుపు, పేగుల జబ్బుల వల్ల ఇనుము ఒంటికి పట్టదు.

పైనుంచి, కిందినుంచి గొట్టం వేసి చూసినా ఏమీ దొరక్కపోతే? మధ్యలో మీటర్ల పొడవున చిన్నపేగు ఉంది. 2001 నుంచి మాత్రలా మింగే కెమెరా వాడుకలోకి వచ్చింది. పేగు గోడలో పలచబడ్డ చిన్న రక్తనాళాలను అది పట్టిస్తుంది. వాటి వెనక కారణం ఒక్కోసారి గుండెలో ఉంటుంది! గుండె కవాటం సన్నబడినవారికి పేగుల్లో రక్తం పోతోందని అమెరికా డాక్టరు ఎడ్వర్డ్ హైడ్ 1958లోనే రాశారు. ఆ ఇరుకు దారిలో దూసుకుపోయేటప్పుడు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రొటీను ముక్కలైపోతుందని తర్వాత తేలింది. కవాటం మారిస్తే చాలామందిలో రక్తం కారడం ఆగుతుంది.

ఇంత సైన్సున్నా దారికి అడ్డొచ్చేది మొహమాటం. విరేచనం నల్లగా అవుతోందని పెద్దలు చెప్పరు. ఐరన్ మాత్రల వల్లా నల్లబడుతుంది కాబట్టి చెప్పినా ఎవరూ పట్టించుకోరు. నొప్పి బిళ్లల సంగతి దాచేస్తారు. 'ఈ వయసులో నాకెందుకురా పరీక్షలు, డబ్బు దండగ' అంటారు. మరీ నీరసించినవారికి పరీక్షలు వద్దనుకోవడమూ సబబే కావచ్చు. కానీ అది డాక్టరుతో కూర్చుని తీసుకునే నిర్ణయం కావాలి, పట్టించుకోకపోవడం కాదు.

ఇంకో మాట. హిమోగ్లోబిన్ పెరగ్గానే మాత్రలు ఆపితే ఒంట్లో నిల్వలు నిండవు. సాధారణంగా మరో మూడు నెలలు వాడమంటారు. నిల్వ ఎంతుందో ఫెరిటిన్ పరీక్ష చెబుతుంది.

రక్తం ఒకసారి తగ్గినప్పుడే 'ఏం తినాలి?' అన్న ప్రశ్నతో ఆగిపోకూడదు. రెండోసారీ తగ్గితే మాత్రం డాక్టర్ని తప్పకుండా అడగాల్సింది ఒకటే... 'ఎక్కడికి పోతోంది?'