గిన్నెల స్టాండు

మావాడు కెఫేకి మొదటి సబ్‌వూఫర్ కొన్నది నా సలహా మీదే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మంచిది. ఇక్కడ రాసే లెక్కలన్నీ ఆ తప్పు చేశాక వేసినవే.

పద్మారావునగర్‌లో ఒక పాత ఇంటి కింది వాటా. 20 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. ఏడు టేబుళ్లు, ఒక గోడంతా పుస్తకాలు. పైన ఓనరమ్మ, రిటైర్డ్ టీచరు, ఒక్కావిడే ఉంటుంది. ఇద్దరం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాం. కౌంటర్ వెనకాయన రెండే ప్రశ్నలు అడిగాడు: ఎన్ని ఇంచులు, ఎన్ని వాట్లు. నాకూ అంతకుమించి అడగడానికి ఏమీ ఉండదనిపించింది. 15 ఇంచులది, ముందు గొట్టం ఉన్న పెద్ద డబ్బా తీసుకున్నాం. రెండో కాఫీ గ్రైండర్ కోసం దాచిన డబ్బులు అందులో పోశాడు.

వాడి ప్లేలిస్టులో సగం ఇళయరాజా. ‘గీతాంజలి’ పాటల్లో బేస్ గిటార్ ఊరికే తాళం వేస్తూ కూర్చోదు, గొంతు కింద ఇంకో పాట పాడుకుంటూ పోతుంది. అది వినబడాలనే కదా ఈ గొడవంతా. తీరా పెట్టాక వినబడింది ఒకటే ధుమ్. ఏ స్వరం వచ్చినా అదే ధుమ్. మూడో రోజు ఓనరమ్మ మెట్లు దిగొచ్చి, “బాబూ, పాటలు బానే ఉన్నాయి గానీ నా గిన్నెల స్టాండు మోగుతోంది. ఇట్లాగైతే మీరు వేరే చోటు చూసుకోండి” అంది. అరిచినా బాగుండేది. చాలా మెల్లగా అంది.

ఆ రాత్రి లెక్కేశాను. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే 28 హెర్ట్జ్. ఇంటర్ ఫిజిక్సులో అనునాదం అని బట్టీపట్టిందే. దాని రెట్టింపు 56. ఎత్తు సరిగ్గా పొడవులో సగం కాబట్టి, నేలకీ కప్పుకీ మధ్య గది మోగేది కూడా 56 దగ్గరే. బేస్ గిటార్‌లో ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్! పాట ఆ తీగ మీదికి వచ్చినప్పుడల్లా గది రెండు దిక్కులా ఊగి, ఆ ఊపు స్లాబు దాటి పైకి పోతోంది. మర్నాడు ఆవిడని అడిగి మావాణ్ణి వంటింట్లో నిలబెట్టి, ఫోన్లో టోన్ పెట్టి 40 నుంచి మెల్లగా పైకి జరిపాను. 56 దగ్గర పైనుంచి “ఇదేరా!” అని అరిచాడు.

అసలు మెల్లగా పాటలు పెట్టుకునే చోట సబ్‌వూఫర్ దేనికి అని వాడి భార్య అడిగింది. న్యాయమైన ప్రశ్న. 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన సంగతి ఒకటుంది: వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవి ముందుగా వదిలేసేది కింది స్వరాలనే. కాబట్టి మాటలకి అడ్డురానంత మెల్లగా మోగుతూనే, ఏ స్వరమో తెలిసే బేస్ కావాలి. ఇంచులూ వాట్లూ ఆ విషయం చెప్పవు.

చెప్పే అంకెలు డేటాషీటులో అడుగున ఉంటాయి. 1961లో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్, ఇద్దరూ ఆస్ట్రేలియాలో ఉండగానే, డ్రైవర్ (డబ్బాలో ఉండే అసలు స్పీకరు) స్వభావాన్ని కొన్ని అంకెల్లో పట్టేశారు. ఎఫ్ఎస్ అంటే కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ అంటే ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పేది. వీఏఎస్ అంటే కోన్‌ని పట్టి ఉంచే స్ప్రింగు ఎన్ని లీటర్ల గాలికి సమానమో. నేను ఎంచిన 8 ఇంచుల డ్రైవర్‌కి ఇవి 32, 0.4, 30. దాన్ని గొట్టం లేని 15 లీటర్ల డబ్బాలో, అంటే పెద్ద నూనె డబ్బా అంతలో, బిగిస్తే మొత్తం క్యూ 0.7 అవుతుంది. 55 నుంచి కిందికి నిదానంగా జారుతుంది, ఎక్కడా గూని ఉండదు. ఎక్సెల్‌లో ఆ 0.7 కనబడ్డప్పుడు, మూడు రోజులుగా ఏడిపిస్తున్న బగ్ దొరికినంత సంబరం.

రెండు కొన్నాం. ఈసారి డబ్బులు నేనే పెట్టాను. నేల మీద పెట్టలేదు. పక్కగోడలకి ఎదురెదురుగా, వెనక గోడకి 5 అడుగుల దూరంలో, 5 అడుగుల ఎత్తున అరలు కొట్టించాం. ఆ చోట్ల నుంచి తోస్తే 56 దగ్గర గది పెద్దగా పలకదు. ఎదురెదురుగా ఉన్నందుకు వెడల్పు వల్ల వచ్చే 47 కూడా దాదాపు రద్దవుతుంది. “సార్, బేస్ బాక్సు కింద కదా పెడతారు” అని కార్పెంటర్ రెండుసార్లు అడిగాడు.

పాట పెట్టమని మావాడికి చెప్పి పైకెళ్లాను. ఓనరమ్మ మజ్జిగ ఇచ్చింది. స్టాండులో స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఇద్దరం వాటినే చూస్తూ కూర్చున్నాం. కాసేపయ్యాక ఆవిడ, “ఇంకా పెట్టలేదా?” అంది. అప్పటికి రెండో పాట నడుస్తోంది.

మావాడు మాత్రం ఇప్పటికీ “దమ్ము తగ్గిందిరా” అంటాడు. తగ్గింది, కాదనను. పాత డబ్బాని వెనక్కి తీసుకోమంటే గల్లీలో సగం ధరకి కూడా ఎవరూ ముందుకు రాలేదు. మెట్ల కింద ఉంది. వచ్చినవాళ్లు దాని మీద హెల్మెట్లు పెడుతున్నారు. రెండో గ్రైండర్ ఇంకా కొనలేదు.