ఎవరి మెరక వాళ్లదేనా?

మొన్న గుంటూరులో వాన పడింది. తుఫాను కాదు, వాయుగుండం కాదు, మామూలు సాయంకాలపు వాన. అది వెలిసిన చాలాసేపటికి నాన్న ఫోన్ చేశాడు. "అమ్మాయ్, వాన ఎప్పుడో ఆగింది. మన వరండాలోకి నీళ్లు ఇప్పుడొస్తున్నాయి చూడు" అంటూ కెమెరా వెనక్కి తిప్పాడు. ప్రహరీ గోడ అడుగున ఇటుకల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు ఊరుతున్నాయి. తులసికోట చుట్టూ మడుగు కట్టి, మెట్టు మునిగి, గచ్చు మీదికి పాకుతున్నాయి. అమ్మ గుమ్మానికి గోనెసంచులు అడ్డం వేస్తోంది. ఆ నేలంతా నల్లరేగడి. అక్కడ ఎర్రనీళ్లేమిటి అనుకున్నాను. వెనక ప్లాటులో పోయించిన గ్రావెల్‌లోంచి దిగిన నీళ్లవి.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటినుంచి ఎవరు పలకరించినా ఇదే చెబుతున్నాను. ఇక్కడా ఇదే రాస్తున్నాను.

మా అమ్మానాన్నలుండేది గోరంట్లలో, అమరావతి రోడ్డు లోపలి వీధుల్లో. ఒకప్పుడది గుంటూరు దాటాక వచ్చే ఊరు. ఇంకాస్త ముందుకెళ్తే లాం ఫారం. మన మిరప రైతులు తరాలుగా వేసిన జి-4, ఆ తర్వాత ఎల్‌సీఏ 334 రకాలు అక్కడివే. 2012లో గోరంట్ల, నల్లపాడు, రెడ్డిపాలెం, ఏటుకూరు, బుడంపాడు లాంటి పది ఊళ్లను గుంటూరు నగరంలో కలిపారు. రాజధాని అమరావతి అని తేలాక ఆ రోడ్డు పొడుగునా చేలన్నీ వెంచర్లయ్యాయి. పత్తి చేలో, మిరప చేలో రాళ్లు పాతి, రంగులేసి, గజాల లెక్కన అమ్మారు. కొన్నవాళ్లలో మా డల్లాస్ వాళ్లున్నారు, సిడ్నీ వాళ్లున్నారు, కువైట్ వాళ్లున్నారు. మా వెనక ప్లాటు కూడా ఒక ఆస్ట్రేలియా అబ్బాయిదే.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. రేపు రోడ్డు లేస్తుంది, ఇంకో అడుగు ఎక్కువ పోయించమని మేస్త్రీ చెప్పి ఉంటాడు. వడ్లమూడి, చేబ్రోలు వైపు క్వారీల నుంచి టిప్పర్లు వచ్చి పోశాయి. నాన్న ఇల్లు కట్టినప్పుడు ఆ వీధిలో అదే ఎత్తు. ఆ తర్వాత ఎదురిల్లు దానికంటే రెండడుగులు లేచింది. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే సిమెంటు రోడ్డు పోస్తే రోడ్డూ లేచింది. ఇప్పుడు వెనకిల్లు లేచింది. అందరికంటే ముందొచ్చి, పాములకీ తేళ్లకీ భయపడకుండా ఆ చేలో కాపురం పెట్టినవాళ్లది ఇప్పుడు అందరికంటే పల్లం. ముందొచ్చినవాడే మునిగిపోవాలనటం ఏం న్యాయం?

నేనుండేది డల్లాస్‌కి ఉత్తరాన, సెలైనాలో. ఇదీ నగరం అంచున పెరుగుతున్న ఊరే. 2020 జనాభా లెక్కల్లో 16,739 మంది. 2023లో అమెరికా మొత్తంలో, ఇరవై వేలూ అంతకు మించి జనాభా ఉన్న ఊళ్లలో, అన్నిటికంటే వేగంగా పెరిగిన ఊరని జనాభా లెక్కలవాళ్లే ప్రకటించారు. ప్రెస్టన్ రోడ్డు మీద వెళ్తుంటే ఒక పక్క మొక్కజొన్న, ఇంకో పక్క చెక్క చట్రాలతో లేస్తున్న ఇళ్ల వరసలు. ఈ చేలల్లో కూడా ఒకప్పుడు పత్తే పండింది. పక్కనున్న మెకిన్నీలో పత్తి మిల్లుండేది.

ఇక్కడి మట్టిని మొదటిసారి చేత్తో పట్టుకున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. వాన పడితే చెప్పుకి అరంగుళం మందాన అతుక్కునే నలుపు. ఆగస్టులో అరచెయ్యి దూరేటంత నెర్రెలు. మా సొంతూరు పర్చూరు చేలో మట్టే ఇది. నేను మనసు పడి అంటున్న మాట కాదు. మన నల్లరేగడినీ దీన్నీ నేలల శాస్త్రజ్ఞులు వర్టిసాల్ అనే ఒకే తరగతిలో పెట్టారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దానితోపాటు ఇల్లు లేచి దిగుతుంది. అందుకే ఇక్కడ ఎండాకాలం ఇంటి పునాది చుట్టూ చిల్లుల గొట్టం పరిచి నీళ్లు పెడతారు. చెట్లకు పెట్టినట్టే గోడలకూ తడి పెడతారన్నమాట. మొదట్లో అమ్మ చూసి నమ్మలేదు.

నేల ఒకటే, పద్ధతే వేరు. మా వీధిలో మొదటి ఇల్లు లేవకముందే నేలంతా ఒక్క చేతి కింద కొలిచి వాలు చూశారు. వాన నీటి గొట్టాలు, తూములు, రోడ్డు ముందొచ్చాయి. అన్నిటికంటే పల్లమైన చోట పెద్ద కుంట తవ్వారు. ఆ మట్టిని తెచ్చి ఇళ్ల జాగాలు మెరక చేశారు. ఇల్లిల్లూ పక్కింటివైపు కాకుండా, రెండిళ్ల మధ్యనున్న చిన్న కాలువలోకి వాలుతుంది. ఆ కాలువకు అడ్డంగా మట్టి పొయ్యటానికి గానీ గచ్చు చెయ్యటానికి గానీ వీల్లేదు. గట్టి వాన పడ్డప్పుడు నేను గొడుగేసుకుని ఆ కుంట దగ్గరికెళ్లి నిలబడతాను. మా వీధుల నీళ్లన్నీ వచ్చి అందులో చేరి, ఒక గొట్టంలోంచి నెమ్మదిగా వాగులోకి పోతుంటాయి. చూసినప్పుడల్లా వీళ్లకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ వెంటనే మా తులసికోట గుర్తొచ్చి మళ్లీ కోపం వస్తుంది.

అయితే ఒక్కటి చెప్పాలి. మనవాళ్లకు తెలివి లేక కాదు. నల్లరేగడిలో ఇల్లు పగలకుండా నిలబడటానికి, అడుగున గుండ్రంగా ఉబ్బి ఉండే పునాది స్తంభాలను రూర్కీలోని మన కేంద్ర భవన పరిశోధన సంస్థే రూపొందించి పెట్టింది. మనుషుల విషయానికొస్తే మనదే పైచెయ్యి. ఆ సాయంత్రం నీళ్లు వంటింట్లోకి వచ్చేలోపే ఎదురింటి పై అంతస్తు వాళ్లు దిగొచ్చి, "పిన్నిగారూ, మీరు పైకి రండి, బాబాయిగారి మందులు ఎక్కడున్నాయో చెప్పండి, మేం తెస్తాం" అన్నారు. ఆ రాత్రి భోజనం అక్కడే. సెలైనాలో నా పక్కింటాయనతో చెయ్యూపటం తప్ప మాటల్లేవు. ఊరంటే కాలువలేనా, మనుషులు కాదా అని ఇక్కడి స్నేహితులతో వాదించాను.

వాదించాను గానీ ఆ వాదన నా దగ్గరే నిలవలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టుకుపోయి కరెంటు పోయినప్పుడు ఆ చెయ్యూపే పక్కింటాయనే తలుపు తట్టాడు. వాళ్లింట్లో గ్యాస్‌తో మండే పొయ్యి ఉంది, పిల్లల్ని తీసుకుని రమ్మన్నాడు. కష్టం వస్తే మనుషులు ఎక్కడైనా మనుషులే. ఎదురింటివాళ్ల మంచితనం చూపించి కాలువ లేకపోయినా ఫరవాలేదనటం, ఆ మంచివాళ్ల మీద బరువు వెయ్యటమే.

అందుకే నాకు అమెరికా కంటే మా పర్చూరు ఎక్కువ గుర్తొస్తోంది. మా తాతయ్య చెప్పేవాడు, ఊరు లేచింది చెరువు మట్టితోనే అని. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక మట్టి తీసి బండ్ల మీద తోలుకునేవాళ్లు. చేలకు కొంత, దొడ్లలోకి కొంత, వీధిలోకి కొంత. మట్టి తీసినచోట పల్లమైంది, పోసినచోట మెరకైంది, వాన నీళ్లు మెరక దిగి ఆ పల్లానికే పోయాయి. వీధి వాలు డొంకలోకి, డొంక వాలు చెరువులోకి. ఒకరి చూరు నీళ్లు ఇంకొకరి దొడ్లో పడితే పంచాయితీ అయ్యేది. ఎండాకాలం మధ్యాహ్నం అలాంటి పంచాయితీ ఒకటి నేను అరుగు మీద కూచుని విన్నాను. తాటాకు చూరు జానెడు వెనక్కి కత్తిరించేదాకా పెద్దమనుషులు లేవలేదు. సెలైనాలో కుంట తవ్విన ఇంజనీరుకు తెలిసిన సంగతి మా ఊళ్లో గునపం పట్టినవాళ్లందరికీ తెలుసు.

ఆ ఊరినీ ఆకాశానికెత్తను. ఆ మెరకలో అందరికీ వాటా లేదు. ఊరి అంచున మాలపల్లె, మాదిగపల్లె పల్లంలోనే ఉండేవి. చెరువు మట్టి తవ్వింది, మోసింది ఎక్కువగా వాళ్లు. పెద్ద వానకు మా వీధి ఆరిపోయేది, వాళ్ల గుడిసెల్లో మోకాలి లోతు నీళ్లుండేవి. బడిలో నా పక్కన కూచునే పిల్ల వానాకాలం పుస్తకాలు ఉట్టిలో పెట్టుకునేది. నీళ్లు ఎప్పుడూ మెరక చేసుకోలేనివాళ్ల ఇంటికే పోతాయి. ఇవాళ గోరంట్లలో మా నాన్న పెన్షన్ డబ్బులతో ఇల్లు ఎత్తించలేడు. వీధి మూల ప్లాటులో రేకుల షెడ్డు వేసుకున్న వాచ్‌మన్ కుటుంబం అసలే ఎత్తించలేదు. మా వరండాలోకి వచ్చిన నీళ్లు ఆ షెడ్డులో మంచం కోడు ఎత్తు ఉన్నాయని నాన్న చివర్లో చెప్పాడు. అది విన్నాకే ఇది రాయాలని కూచున్నాను.

వెంచరు వేస్తే నూటికి పది వంతుల జాగా ఖాళీగా వదలాలని మన లేఅవుట్ నిబంధనల్లోనే ఉంది. ఆ పది వంతులూ పల్లంలో వదిలి, అక్కడే ఒక కుంట తవ్వితే సగం బాధ తీరుతుంది. ఆ మట్టి ఉన్నదున్నట్టు ఇంటి కిందకు పనికిరాదు, ఉబ్బుతుంది. గ్రావెల్ పొయ్యాల్సిందే, అది వద్దనటం లేదు. కానీ పార్కుకీ చెట్లకీ ఆ మట్టి బంగారం. ఇక డొంకలు. చేల మధ్య బండ్లు తిరగటానికే కాదు, వాన నీళ్లు పోవటానికీ అవే దారి. వాటిని ప్లాట్లలో కలిపేసి నీళ్లను ఎటు పొమ్మంటాం? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మనమంతా ఇక్కడినుంచి చందాలు పంపాం. ఆ చందాల్లో పావలా వంతు ముందే సైడు కాలువలకు పెట్టుకోవటం మన చేతుల్లో ఉన్న పని.

ఇది గుంటూరులో, మంగళగిరిలో, ఒంగోలు బైపాస్ పక్కన ప్లాట్లు కొనుక్కున్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. మీ ప్లాటులో ముళ్లకంప పెరిగి, నీళ్లు నిలిచి, దోమలు పుట్టేది పక్కింటి పెద్దవాళ్లకు. ముందు అది కొట్టించండి. ఇల్లు మొదలుపెట్టేటప్పుడు వీధిలో అందరినీ ఒక ఫోన్ కాల్ మీదికి తెచ్చి, బేస్‌మట్టం ఎంత ఎత్తో కలిసి తేల్చుకోండి. ఎవరూ దానికి మించొద్దు. తలా కొంత వేసుకుని కాలువ ముందు తవ్వించండి, గోడ తర్వాత లేపండి. డాలర్లు మనకున్నాయి, నగరపాలక సంస్థకు అర్జీ పెట్టే తీరిక అక్కడి పెద్దవాళ్లకుంది. రెండూ కలిస్తే జరగని పని కాదు.

గ్రావెల్‌కు డబ్బు పంపమని ఊరి నుంచి ఫోన్ వస్తే మేస్త్రీని ఒక్క మాట అడగండి: నా ప్లాటులో పడ్డ వాన ఎటు పోతుంది? జవాబు వచ్చాకే డబ్బు పంపండి.