ఆరు రోజులు, రెండు రాజధానులు

ప్రయాణం చేసేవాళ్ళకు రైలుంటుంది, సామానుంటుంది, దిగవలసిన స్టేషనుంటుంది. ప్రయాణం తలపెట్టినవాళ్ళకు కాగితమూ కలమూ, చుట్టూ సలహాలిచ్చే బంధువులూ మాత్రమే వుంటారు. గత మూడు నెలలుగా మా ఇల్లు ఈ రెండో స్థితిలో వున్నది. వచ్చే మే నెలాఖరున, మా కాలేజీకి సెలవులుండగా, మావారూ నేనూ లండనూ పారిసూ చూసి రావాలని సంకల్పించాం. ఉండేది ఆరు రోజులు. ఇద్దరికీ సముద్రం దాటడం ఇదే మొదలు.

"ఆరు రోజుల కోసం అంత దూరమా? ఆ డబ్బుతో పిల్లకు నాలుగు కాసుల గొలుసు వచ్చేది" అన్నది మా పెద్దాడపడుచు. ఆవిడ మాట కొట్టిపారెయ్యదగినదేమీ కాదు. డిగ్రీ చదువుతున్న కూతురున్న ఇంట్లో, విమానం టిక్కెట్ల ఊసెత్తగానే నలుగురి కళ్ళూ ఆ పిల్ల మెడవైపు తిరగడం సహజమే. కాకపోతే ఇది నాకు రావలసిన జీతం బకాయిల డబ్బు. బకాయి సొమ్ముకు ఒక గుణమున్నది. నెల జీతంలాగా అది పాలవాడి మొహమూ కిరాణా కొట్టు మొహమూ ఎరిగిన డబ్బు కాదు. కొత్తగా వస్తుంది, కొత్త ఆలోచనలు పుట్టిస్తుంది.

అసలు కారణం అది కాదనుకోండి. ఏడాదిన్నర కిందట మావారికి గుండెలో రెండు స్టెంట్లు వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో వారంలో గావును, వసారాలో పడక కుర్చీలో కూచుని, "ఆ ఈఫిల్ టవరు మీదనుంచి చూస్తే కింద మనుషులు ఎంతేసి కనిపిస్తారో!" అన్నారు. పాతికేళ్ళుగా బ్యాంకులో ఇతరుల డబ్బు లెక్కపెట్టిన మనిషి. తనకు ఫలానాది కావాలని ఆయన నోట నేను విన్న సందర్భాలు వేళ్ళమీద లెక్కించవచ్చు. అప్పుడు నేనేమీ అనలేదు. తరవాత డాక్టరుగారిని అడిగాను. "నిక్షేపంలా వెళ్ళిరండి. పరుగులు మాత్రం పెట్టకండి" అన్నారాయన. మా ప్రణాళిక యావత్తూ ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానం.

ఐరోపాకు ఒక్క వీసా చాలునని మా వీధిలో అందరి నమ్మకమూను. ఫ్రాన్సుతో సహా 29 దేశాలు షెంజెన్ ఒప్పందం కింద ఒకే వీసాతో తిరగనిస్తాయి, నిజమే. బ్రిటన్ అందులో లేదు. 2020లో ఐరోపా సమాఖ్యనుంచి బయటికి వచ్చినందుకు కాదు, ఎన్నడూ లేదు. కనుక రెండు దరఖాస్తులు, రెండుసార్లు వేలిముద్రలు, రెండు రుసుములు. షెంజెన్ రుసుము 2024 జూన్‌లో పెద్దలకు 90 యూరోలయింది. బ్రిటన్ రుసుము 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లయింది. వీసా ఇవ్వకపోయినా ఆ సొమ్ము తిరిగి రాదు.

ఉన్న పాస్‌పోర్టు మనిషికి ఒకటే. దాన్ని ఒకేసారి రెండు చోట్ల ఇవ్వలేం గదా! ఈ చిక్కుముడి మావారు విప్పారు. షెంజెన్‌కు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుతుంది, ఒక్కొక్కప్పుడు నలభై అయిదు రోజులు పడుతుంది. బ్రిటన్‌కు మూడు నెలల ముందు మాత్రమే పెట్టుకోనిస్తారు. మామూలుగా మూడు వారాలు తీసుకుంటారు. అంచేత, పారిస్ తరవాత చూసేదైనా, పారిస్ వీసా ముందు. పాస్‌పోర్టులు ఇంటికి చేరాక మార్చిలో లండన్‌ది. గోడమీది క్యాలెండరులో ఈ తేదీలన్నీ ఎర్ర సిరాతో దిద్ది, పక్కన 'ఖాయం' అని రాశారు. బ్యాంకువాళ్ళకు క్యాలెండరంటే ఒక భక్తి.

షెంజెన్‌కు వైద్యఖర్చుల బీమా కూడా వుండాలి, కనీసం 30,000 యూరోలకు. గుండెజబ్బు సంగతి ఆ పత్రంలో రాయాలా అని ఆయన కలం ఆపితే, నేను పక్కన కూచుని రాయించాను. అప్పటికే వున్న జబ్బుకు ఎంతవరకు పూచీ పడతారో షరతులు చదువుకునే పాలసీ తీసుకోవాలి. దాచి తీసుకున్న బీమా ఆపద వేళ అక్కరకు రాదు. మందులు కొన్న అట్టలతోనే, డాక్టరు చీటీతో సహా, చేతిసంచీలో పెట్టుకోవాలి. పెద్ద పెట్టె ఆలస్యమైతే చీరలు లేకుండా రెండు రోజులు గడుస్తాయి గాని, మాత్రలు లేకుండా గడవవు.

ఇక జాబితా సంగతి. మావారి సహోద్యోగి ఒకాయన పది రోజుల్లో ఏడు దేశాలు చూసివచ్చారు. ఏది ఏ ఊరో ఆయనకు ఫోటోలమీద తారీఖులను బట్టి తెలుస్తుంది. ఆయన దయతో రాసిచ్చిన కాగితంలో మా రెండు నగరాలకు ముప్ఫై ఒక్క చోట్లున్నాయి. రోజుకు రెండు చోట్లకు మించి వద్దనుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక నలుగురం కూచుని కొట్టివేతలు మొదలుపెట్టాం. మైనపు బొమ్మల ప్రదర్శనశాల మొదటి వేటుకే పోయింది. రాజప్రాసాదం బయటినుంచి చాలునన్నారు. లండన్ కోటలో కోహినూరు దగ్గర మాత్రం మావారి కలం ఆగింది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందంటారు గదా! కదిలే పలకమీద నిలబడి కిరీటాల ముందునుంచి సాగిపోతూ చూడాలనీ, అందుకు టిక్కెట్టు కొనాలనీ అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది.

"మనది మనం డబ్బిచ్చి చూడడమేమిటి?" అని ఆయనే కొట్టేశారు.

"మరి అమరావతి శిల్పాలో?" అన్నాను.

"వాటికి టిక్కెట్టు లేదుగా!"

నిజమే, బ్రిటిష్ మ్యూజియానికి ప్రవేశం ఉచితం. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ పాలరంగు రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడివుండి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. 1880 నుంచీ ఆ మ్యూజియంలో వున్నాయి. మా పిల్లలకు నేను అమరావతి గురించి చెప్పేటప్పుడు పుస్తకంలో బొమ్మలే చూపిస్తున్నాను. మన ఊరి రాళ్ళను చూడడానికి వీసా కావలసివచ్చిందే అని ఒక పక్క వుడుకుమోత్తనం, చూడబోతున్నామని ఇంకొక పక్క సంతోషం. ఈ రెండూ ఒకే గదిలో ఎల్లా ఇముడుతాయో అక్కడికి వెళ్ళాక గాని తెలియదు.

కెన్సల్ గ్రీన్ దగ్గర అసలు యుద్ధం జరిగింది. అది లండన్‌లో 1833లో తెరిచిన శ్మశానవాటిక. సి.పి. బ్రౌను అక్కడ వున్నారు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించి, సొంత డబ్బుతో పండితులను పోషించి, తాళపత్రాలకు శుద్ధ ప్రతులు రాయించి, 1852లో నిఘంటువు వెలువరించిన మనిషి. ఉద్యోగం విరమించి లండన్ చేరాక కూడా అక్కడ తెలుగు ఆచార్యుడుగా వున్నారు. 1884 డిసెంబరులో పోయారు. నేను ఏటేటా బి.ఏ. తరగతిలో ఆయన్ని గురించి చెబుతాను. పరీక్షకు నాలుగు మార్కుల ప్రశ్న అది.

"ఆరు రోజులకు వెళ్ళి, అందులో ఓ పూట శ్మశానానికా?" అన్నారు మావారు. గుండె కోత పడి లేచిన మనిషి ముందు నేను మరీ పట్టుబట్టలేకపోయాను. ఆ మాటకు ఆయన మనస్సులో ఇంకేదైనా అర్థమున్నదేమో!

అప్పటిదాకా చిక్కుడుకాయలు వలుచుకుంటున్న మా అత్తగారు, "ఆయనకు పెళ్ళాం బిడ్డలున్నారుటే?" అని అడిగారు.

"పెళ్ళే చేసుకోలేదండీ."

"అయితే ఓ పువ్వు పెట్టి రానీరా. మన మాటలన్నీ పోగుచేసి పెట్టినవాడుట గదా!" అన్నారు కొడుకుతో.

ఆవిడ మాటకు తిరుగు లేదు. కెన్సల్ గ్రీన్ వుండిపోయింది. ఆ వాటిక డెబ్భై ఎకరాల పైమాట, సమాధి ఎక్కడుందో తెలియకుండా వెళ్ళి తిరిగితే డాక్టరుగారి వాక్యానికి భంగం. అందుకని వాటిక కచేరీకి అమ్మాయి చేత ఉత్తరం రాయించాను.

లండన్‌నుంచి పారిస్‌కు విమానం వద్దని నిశ్చయించాం. సెయింట్ పాంక్రాస్ స్టేషనులో రైలెక్కితే రెండుంపావు గంటల్లో, కొంచెం అటూ ఇటూగా, పారిస్. సముద్రం కిందనుంచి పోయే ఆ సొరంగం 1994లో తెరిచారు. పొడవు 50 కిలోమీటర్లు, అందులో సుమారు 38 కిలోమీటర్లు సముద్రగర్భమే. ఫ్రెంచి అధికారులు లండన్ స్టేషనులోనే పాస్‌పోర్టు చూస్తారు, అనగా కాలు ఇంగ్లండులో వుండగానే కాగితంమీద మనం ఫ్రాన్సులో వున్నట్టు! తిరుగు విమానం పారిస్‌లోనే ఎక్కుతాం. మళ్ళీ లండన్ రావలసిన పని లేదు. పైగా లండన్‌లో విమానమెక్కి మన దేశం వచ్చేవాళ్ళకు అక్కడి ప్రభుత్వం వేసే పన్ను 2025 ఏప్రిల్‌లోనే తలకు 90 పౌండ్లయింది.

పారిస్‌లో వారాల పంచాయితీ ఒకటున్నది. శుక్రవారం లండన్‌లో దిగుతాం, సోమవారం రైలు. మర్నాడు మంగళవారం. లూవ్ర్‌కు మంగళవారం సెలవు, గిమే ప్రదర్శనశాలకూ సెలవే. ఆసియా కళలకు పేరుపడ్డ ఆ గిమేలో కూడా అమరావతి శిల్పాలున్నాయి! కనుక మంగళవారం నోత్రదామ్ చర్చి. 2019లో మంటల్లో కాలి, 2024 డిసెంబరులో మళ్ళీ తలుపులు తెరుచుకున్న చర్చి అది. ఆ సాయంత్రం సేన్ నది ఒడ్డున కూచోవడం. బుధవారం పొద్దున గిమే. అక్కడినుంచి నది దాటి నడిస్తే పావుగంటలో ఈఫిల్ టవరు. నాదీ ఆయనదీ ఒకే రోజున, ఒకే దారిలో పడ్డాయి. రెండో అంతస్తు దాకా 674 మెట్లున్నాయిట. మేము లిఫ్టులోనే ఎక్కుతాం. ఈ ఒక్క టిక్కెట్టుకూ ఎంత ఖర్చయినా కొట్టివేత లేదు.

"యానాంలో కట్టారుగా ఆ గోపురం! మన కాకినాడనుంచి గంట దారి" అన్నారు అత్తగారు. నిజమే, యానాంలో ఈఫిల్‌ను తలపించేటట్టు నూరు మీటర్ల ఎత్తున ఒకటి కట్టారు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కిందనున్న ఊరు గదా, ఆ ముచ్చట వుండడంలో వింత లేదు. పారిస్‌ది 330 మీటర్లని చెబితే, "అయితే మూడుసార్లు యానాం చూసినట్టు" అని తేల్చేశారు. నదుల విషయంలోనూ అంతే. థేమ్స్ 346 కిలోమీటర్లు, సేన్ 777, మన గోదావరి 1465 అని అమ్మాయి చదివితే, "రెండూ కలిపినా మన తల్లికి చాలవు" అని ఆవిడ నవ్వారు.

మే నెలాఖరుకు ఒక సుఖమున్నది. లండన్‌లో రాత్రి తొమ్మిది దాకా, పారిస్‌లో ఇంకా కాసేపు పొద్దు వుంటుంది. మధ్యాహ్నం హోటలు గదిలో ఆయన రెండు గంటలు పడుకున్నా పగలు మిగిలే వుంటుంది. ఆరు రోజులవాళ్ళకు ఇది ఉచితంగా దొరికే ఏడో రోజు.

లూవ్ర్ ఇంకా తేలలేదు. 2026 జనవరినుంచి ఐరోపా వెలుపలివారికి టిక్కెట్టు 32 యూరోలు చేశారు. పైగా ఆ భవనం ఒక పూటకు లొంగేది కాదు. నేను కొట్టేయమన్నాను, మావారు పెన్సిలుతో గుండ్రం చుట్టి వుంచారు.

వచ్చేవారం ఫ్రెంచి వీసాకు వేలిముద్రలివ్వడానికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళుతున్నాం. అత్తగారు అప్పుడే మే నెలకు ఫలహారాల ఆలోచనలో పడ్డారు. పాలకోవా చేస్తానంటే, పాల పదార్థాలు ఆ దేశంలోకి తీసుకుపోకూడదండీ అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "చేగోడీల మీద వాళ్ళకేమీ కోపం లేదుగా?" అన్నారు. కోవా కొట్టేశాం. చేగోడీలు జాబితాకెక్కాయి.